వాహ్యాళి: మన విహారములలో గుఱ్ఱమును, కుక్కయు

మన భాషలో వాహ్యాళి యను అందమైన మాట యొకటి కలదు. సాయంకాలము ఇంటిల్లిపాదియు చల్లగాలికై చెఱువుగట్టునకు పోయినను, సెలవునాడు పిల్లలతో ఊరిబయటి తోటకు పోయినను దానిని వాహ్యాళి యందుము. కాని మొదట ఈ మాటకు కాలినడకతో సంబంధము లేదు. సంస్కృతమున వాహమనగా గుఱ్ఱము. గుఱ్ఱములను త్రిప్పి, వానికి నడకలు నేర్పు బయలునకు వాహ్యాళి యని పేరు. పిమ్మట గుఱ్ఱమెక్కి చేయు విహారమునకును, కడకు గుఱ్ఱము లేకయే చేయు విహారమునకును ఆ పేరు సంక్రమించినది. గుఱ్ఱము వెడలిపోయినను దాని డెక్కల చప్పుడు మన మాటలో మిగిలిపోయినది.

గుఱ్ఱము నడచిన త్రోవలో దాని ప్రక్కన కుక్కయు నడచినది. ఆరుబయట మనుష్యుడు పొందిన ఆనందములో ఈ రెండు ప్రాణుల పాలెంత? ఆ ఆనందమునకై అవి చెల్లించిన వెల యెంత? ప్రతిగా మన పూర్వులు వానికి చేసినదేమి? ఈ మూడు ప్రశ్నలతో చరిత్రలోని కొన్ని పుటలను త్రిప్పి చూతము.

కుక్కతోడి చెలిమి మిక్కిలి ప్రాచీనమైనది. వ్యవసాయము పుట్టకముందే, ఆవును మేకను మచ్చిక చేయకముందే, మనుష్యునకు కుక్క తోడైనది. 1914లో జర్మనీ దేశమున బాన్ నగర సమీపముననున్న ఓబర్‌కాసెల్ వద్ద రాళ్లు తీయుచుండిన కూలీలకు ఒక పురుషుని, ఒక స్త్రీ అస్థికలతో పాటు కుక్క యెముకలును దొరకినవి. అవి సుమారు 14,000 సంవత్సరముల నాటివి. ఆ కుక్క దంతములను పరీక్షించిన పండితులు 2018లో ఒక విశేషమును వెల్లడించిరి. అది ఏడు నెలల పిల్ల. దానికి కుక్కలకు వచ్చు విషజ్వరము సోకినది. ఆ వ్యాధితో అది కొన్ని వారములు బ్రదికినది. ఎవరో నీరు త్రాగించి, వెచ్చగా కప్పి, శుభ్రపఱచి కాపాడనిదే అట్టి పిల్ల అన్ని దినములు బ్రదుకుట దుర్లభము. వేటకును కావలికిని పనికిరాని ఆ రోగిష్ఠి కుక్కపిల్లకు ఉపచారము చేసిన చేతులు ఎవరివో మనకు తెలియదు. కాని కుక్కకును మనుష్యునకును గల బంధము పనిపాటలతోనే ముగియలేదని దానివలన తెలియుచున్నది.

మన దేశముననే కాశ్మీరములో శ్రీనగరమునకు సమీపమున బుర్జహోమ్ అను ప్రాచీన నివేశనము కలదు. భారత పురావస్తుశాఖవారు 1960 మొదలు అచట త్రవ్వకములు సాగించిరి. నవీన శిలాయుగపు ఆ జనులు కొన్ని సమాధులలో తమతో పాటు కుక్కలను పూడ్చిరి. అచట దొరకిన ఒక రాతిపలకపై వేటదృశ్యము చెక్కబడియున్నది. ఇద్దఱు వేటగాండ్రు, నడుమ ఒక దుప్పి, ఆ ప్రక్కన కుక్క, పైన సూర్యబింబములు. మన దేశమున ఆరుబయటి సంచారమునకు కుక్క తోడుపోయినదనుటకు ఇది మిక్కిలి పాత సాక్ష్యములలో నొకటి.

గుఱ్ఱము చాల ఆలస్యముగా వచ్చిన చుట్టము. నేడు ప్రపంచమున మనము చూచు పెంపుడు గుఱ్ఱముల వంశము సుమారు 4,200 సంవత్సరములకు పూర్వము వోల్గా, డాన్ నదుల పచ్చికబయళ్లలో వర్ధిల్లి నలుదిక్కుల వ్యాపించినదని 2021లో ప్రకటింపబడిన పరిశోధన నిరూపించినది. ఋగ్వేదకాలమునకు గుఱ్ఱము మనవారికి పూజ్యమైనది. కుక్కయు ఆ వాఙ్మయమున తక్కువది కాదు. పణులు దాచిన గోవుల జాడ కనిపెట్టిన దేవశుని సరమ. ఆమె సంతతియగుటచేతనే కుక్కకు సారమేయమను పేరు కలిగినది.

ఇక రాజుల కాలమునకు వత్తము. కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 1126 మొదలు 1138 వఱకు రాజ్యమేలెను. నేటి తెలంగాణములో పెద్దభాగము నాడు ఆయన యేలుబడిలోనిదే. ఓరుగల్లు కాకతీయులు అప్పటికి ఆ వంశమునకు సామంతులు. ఆయన పేర వెలసిన మానసోల్లాసము నూఱు అధ్యాయముల సంస్కృత గ్రంథము. అందు రాజవినోదములకై ఇరువది అధ్యాయములు కేటాయింపబడినవి. వానిలో తురగవాహ్యాళి యొకటి. రౌతులు రెండు పక్షములుగా చీలి, తోలు తొడిగిన కొయ్యబంతిని వంపుతిరిగిన బెత్తపు కోలలతో కొట్టుచు తోరణములను దాటించు ఆట అందు వర్ణింపబడినది. నేడు పోలో యని మనము వినుచున్న క్రీడకు ఇది దగ్గఱి చుట్టము. మఱియొక అధ్యాయము సారమేయవినోదము. మేలుజాతి కుక్కల లక్షణములు, వానిని వేటకు విడుచు విధము అందు చెప్పబడినవి. గుఱ్ఱముతోను కుక్కతోను ఆరుబయట ఆడుకొనుట సంగీత సాహిత్యములతో సమానముగా శాస్త్రము చెప్పదగిన విషయమని ఆ రాజు తలంచెను.

అయితే శాస్త్రము కంటె శిల మనసునకు హత్తుకొనునట్లు మాటలాడునని చెప్పుటకు ఒక నిదర్శనము కలదు. 949లో రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు గంగరాజైన బూతుగుని తోడుచేసికొని తక్కోలము యుద్ధమున చోళ రాజాదిత్యుని గెలిచెను. ఆ యుద్ధమున బూతుగుని సేవకుడు మణలేరుడను వీరుడు గొప్ప పరాక్రమము చూపెను. చక్రవర్తి మెచ్చి, కోరినది యిత్తుననెను. ఊరడుగవచ్చును, బంగారమడుగవచ్చును. మణలేరుడు రాజుగారి కాళి యను వేటకుక్కను అడిగెను. చక్రవర్తి యిచ్చెను. కొంతకాలమునకు బెళతూరు ప్రాంతపు గుట్టయొద్ద కాళి ఒక పెద్ద అడవిపందిని ఎదిరించెను. రెండును పోరాడి రెండును చచ్చెను. మణలేరుడు దానికై నేటి మండ్య జిల్లాలోని ఆతకూరున శివాలయము ముందు శిల నిలిపించి, దానికి భూమి దానము చేసెను. ఆ భూమి ననుభవించు గొరవడు, అనగా శివార్చకుడు, ఆ శిలకు పూజ చేయక భుజించినచో పాపము పొందునని శాసనము పలుకుచున్నది. కుక్కయు పందియు పోరాడు బొమ్మతో ఆ శిల బెంగళూరు ప్రభుత్వ ప్రదర్శనశాలలో చేరినది.

ఈ శాసనమును మనము తొందరపడి దాటిపోరాదు. తక్కోలము యుద్ధమున ఒక చోళ యువరాజు మరణించెను. రాజ్యముల సరిహద్దులు మాఱినవి. ఆ వృత్తాంతము చెప్పు రాతిపైననే ఒక కుక్క చావును చెక్కించి, దాని పేరు చెప్పి, దానికి నిత్యపూజ నేర్పఱచిరి. తన వినోదమునకై ప్రాణమిచ్చిన జంతువునకు తాను ఋణపడితినని మణలేరుడు ఎఱుగును. ఆ ఋణమును ఆతడు మాటలతో కాక మాన్యముతో తీర్చెను.

అందఱును అట్లు ఎఱుగలేదు. 13వ శతాబ్ది చివర తమిళ తీరమును దర్శించిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో అచటి పాండ్య ప్రభువులు ఏటేట వేలకొలది అరబ్బీ గుఱ్ఱములను కొనుచుండిరనియు, సంవత్సరాంతమునకు వానిలో నూఱైనను మిగులవనియు వ్రాసెను. కారణము కూడ ఆతడే చెప్పెను. ఆ ప్రాంతమున అశ్వవైద్యులు లేరు; మేత పెట్టు తీరు తెలియదు; వండిన అన్నమును మాంసమును పెట్టుచుండిరి. వర్తకులు సైతము వైద్యులను అచటికి పోనీయరట. గుఱ్ఱములు చచ్చిన కొలది బేరము సాగునుగదా! విజయనగరమున నివసించిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ మఱియొక సంగతి వ్రాసెను. పూర్వము సాళువ నరసింహుడు ఓడలపై వచ్చు గుఱ్ఱములను చచ్చినను బ్రదికినను కొనుచుండెననియు, సముద్రముపై చచ్చినవానికి తోకను చూపిన చాలుననియు ఆతని వ్రాత. ఎన్ని తోకలు అట్లు లెక్కకు వచ్చెనో!

ఆ విజయనగరముననే మఱియొక మేలిదృశ్యమును కూడ చూతము. సుమారు 1520లో వచ్చిన డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించెను. రాయలు తెల్లవాఱకముందే లేచి నువ్వులనూనె త్రాగి, ఒడలికి నూనె పట్టించి, బరువులెత్తి, కత్తి త్రిప్పి, మల్లునితో కుస్తీపట్టి, పిమ్మట గుఱ్ఱమెక్కి మైదానమున అటునిటు పరుగెత్తించి, తెల్లవాఱువేళకు స్నానమునకు పోవునట. దండు లేదు, వేట లేదు, ఊరేగింపు లేదు. చీకటి విడని చల్లనివేళ ఒక మనుష్యుడు, ఒక గుఱ్ఱము. వాహ్యాళి యనుమాట అర్థము ఇంతకంటె స్వచ్ఛముగా మఱెక్కడ కానవచ్చును? ఎండ ముదురకముందే స్వారి ముగించుట రౌతునకు సుఖము, గుఱ్ఱమునకు ఆరోగ్యము.

ఇంతవఱకు రాజుల ముచ్చటలు. ఇంటివారందఱు కలిసి కుక్కను వెంటబెట్టుకొని ఆరుబయట తిరుగుట మాత్రము రాజులు నేర్పిన విద్య కాదు. నల్లమల చెంచులు దుంపలకును తేనెకును అడవిలోనికి పోవునపుడు కుక్క కుటుంబములో నొకటియై వెంట నడచినది. గొఱ్ఱెలకాపరులు మేతకై నెలల తరబడి వలసపోవునపుడు పిల్లలు, సామాను, మంద, కుక్కలు ఒక్క గుంపుగా సాగినవి. లంబాడీల బిడారులు ఉప్పును ధాన్యమును ఎద్దులపై మోపి దక్కనును దాటునపుడు రాత్రి మకాము చుట్టు కాపున్నవి వారి కుక్కలే. దక్కను పీఠభూమికి చెందిన సన్నని నడుము, పొడవైన కాళ్లుగల ముధోలు జాగిలమునకు ముధోలు సంస్థానము పేరు తెచ్చినది. 2005లో భారత తపాలాశాఖ నాలుగు దేశవాళీ కుక్కజాతులకు బిళ్లలు వేసినపుడు అందు దీనికిని స్థానము కలిగినది.

ఈ సామాన్యుల వాహ్యాళికి ఒక దేవుడును కలడు. కొమురవెల్లిలోను, వరంగల్లు సమీపముననున్న ఐనవోలులోను వెలసిన మల్లన్నను గొల్లలు, కురుమలు తమ కులదైవముగా కొలుతురు. మహారాష్ట్రమున ఖండోబా, కన్నడదేశమున మైలారుడు ఈయనయే. కాకతీయుల ఓరుగల్లులో మైలారుని భక్తులు చేసిన సాహసకృత్యములు క్రీడాభిరామమున వర్ణింపబడినవి. ఈ దేవుడు గుఱ్ఱమెక్కి వచ్చును. ఆయన వెంట కుక్క నడచును. కొమురవెల్లిలో ఇరుప్రక్కల కేతమ్మ, మేడలమ్మ దేవేరులు. ఒగ్గుకథకులు డోలు దెబ్బపై ఈ కథ చెప్పునపుడు వినువారికి అది కైలాసపు సంగతిగా కాక తమ యింటి సంగతిగానే తోచును. శాస్త్రములు కుక్కను ఇంటిగడప దాటనీయని కాలమున జనులు దానిని గుడిలో దేవునిప్రక్కన నిలిపిరి. ధర్మరాజు తనతో వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న భారతకథను మన జనులు మఱువకుండుటకును ఈ మనసే కారణమని మేము తలంచుచున్నాము.

కాలము మాఱినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట వేటకు చెల్లుచీటి దొరకినది. వాహ్యాళిలో నెత్తురు తొలగిపోయి విహారము మాత్రము మిగిలినది. పట్టణ వీథులలో జట్కాబండ్లును దాదాపు కనుమఱుగైనవి. నేడు కుక్కను గొలుసుపట్టి ఉదయము త్రిప్పువారు, సెలవులకు కొండప్రాంతములకు పోయి పిల్లలను గుఱ్ఱమెక్కించువారు మన యిండ్లలో పెక్కుమంది. వారు ఎఱిగియో ఎఱుగకయో ఇంత పొడవైన చరిత్రలో పాలుపంచుకొనుచున్నారు.

కనుక ఆ పాత ఋణమును కూడ వారు పంచుకొనవలెను. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దానికి చల్లదనము. నడియెండలో కాలు కాలు తారురోడ్డుపై దానిని నడిపించుట వాహ్యాళి కాదు, శిక్ష. పిచ్చికుక్కవ్యాధికి ఏటేట టీకా వేయించుట దానికిని, ఇంటివారికిని, ఇరుగుపొరుగులకును రక్ష. కొండదారిలో అద్దెగుఱ్ఱమును ఎక్కుటకు ముందు దాని వీపున పుండున్నదేమో, కాలు కుంటుచున్నదేమో ఒక్కమాఱు చూచుట ఎక్కువ పని కాదు. పుండున్న గుఱ్ఱమును ఎక్కనని మనము చెప్పగలిగిన నాడు యజమాని దానికి మందు వేయించును. ఎవరును అడుగనిచో నూనిజ్ చెప్పిన తోకల లెక్క వేఱొక రూపమున సాగుచునే యుండును.

మన వినోదమునకై తోడువచ్చిన ప్రాణిని రెండు విధముల చూడవచ్చునని చరిత్ర చెప్పుచున్నది. చచ్చినదాని తోకను లెక్కించి మఱియొకదానిని కొనుట ఒక విధము. దాని పేరు రాతిపై చెక్కించుట రెండవ విధము. మనము రాయి నిలుపనక్కఱలేదు. బయలుదేఱుటకు ముందు దానికి ఒక గిన్నెడు నీరు పెట్టి, అది అలసినచోట మనమును ఆగిన చాలును.