రోబో, 2.0 చిత్రాలు: కృష్ణా టెరిటరీలో వసూళ్ల పోలిక

శంకర్ దర్శకత్వంలో రజనీకాంత్ నటించిన వైజ్ఞానిక కల్పనా చిత్రం ‘రోబో’ 2010 అక్టోబరు 1న విడుదలైంది. దాని కొనసాగింపు ‘2.0’ 2018 నవంబరు 29న వచ్చింది. రెండూ తమిళం నుంచి తెలుగులోకి డబ్ అయినవే. మొత్తం గ్రాస్ చూస్తే 2.0దే పైచేయి. అయితే కృష్ణా జిల్లాలోని చల్లపల్లి లాంటి ఊళ్లో ఏ సినిమా ఎంత ఆడిందో ఆ అంకె చెప్పదు. ఈ రెండింటినీ పోల్చాలంటే, ఒకే టెరిటరీలో (పంపిణీ ప్రాంతంలో) వచ్చిన షేరును అక్కడ హక్కులు కొన్న బయ్యర్లు పెట్టిన రేటు పక్కన ఉంచి చూడాలి.

ఆ ఎనిమిదేళ్లలో రూపాయి విలువతో పాటు రాష్ట్రమూ మారిపోయింది. రోబో నాటి ‘ఆంధ్రప్రదేశ్ వసూళ్ల’లో హైదరాబాదూ ఉంది, 2014 జూన్ 2 తర్వాత లేదు. సినిమా వ్యాపారం మాత్రం నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అనే పాత పటాన్నే పట్టుకుని ఉంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి, చల్లపల్లి మచిలీపట్నం కేంద్రమైన కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. విజయవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల పద్దులో రెండూ ఇప్పటికీ కృష్ణాయే. (ఈ విషయంలో ప్రభుత్వం కంటే వ్యాపారానిదే నిలకడ.) పన్నుల సంగతి వేరే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. 2.0 విడుదల నాటికి వంద రూపాయల వరకు టికెట్‌పై 18 శాతం, ఆపైన 28 శాతం ఉండేది. గ్రాస్‌లో ఈ పన్నూ కలిసే ఉంటుంది. పన్ను, హాలు అద్దె పోగా మిగిలే షేరే బయ్యరు సొమ్ము. భారీ రేటు పెట్టి కొన్న 2.0 తెలుగు హక్కులకు తగినంత షేరు రాలేదని అప్పటి ట్రేడ్ లెక్కలు తేల్చాయి. రోబో మాత్రం కొన్నవారికి లాభాలు మిగిల్చింది.

ఇది సినిమాను కాదు, బేరాన్ని కొలవడమే కదా అని ఆక్షేపించవచ్చు. బయ్యరు అత్యాశకు పోతే అది చిత్రం తప్పు కాదన్న మాట నిజమే. అయితే ఆ రేటు ఊరికే పుట్టలేదు. మొదటి భాగం మీద ప్రేక్షకులు పెంచుకున్న నమ్మకానికి కట్టిన వెల అది. కొనసాగింపు ఆ నమ్మకాన్ని నిలబెట్టిందా లేదా అన్నదే సిరీస్‌ల పోలికలో అసలు ప్రశ్న. టికెట్లు లెక్కపెడితే సరిపోదా అంటే, అదే ఉత్తమం. కానీ మన దగ్గర ఆ సంఖ్యలు బయటికి రావడం అరుదు. ధరల తేడా తీసేస్తే ఫలితం ఎలా మారుతుందో అమెరికా ఉదాహరణ చెబుతుంది: అక్కడ 2015 నాటి స్టార్ వార్స్ చిత్రం 93 కోట్ల డాలర్లు దాటినా, టికెట్ ధరల పెరుగుదలను సవరించి చూస్తే 1977 నాటి తొలి చిత్రమే ముందుంది.

2024 జూన్‌లో ‘కల్కి 2898 ఏడీ’కి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండు వారాల పాటు టికెట్‌పై సింగిల్ స్క్రీన్లలో 75, మల్టీప్లెక్సుల్లో 125 రూపాయల పెంపును అనుమతించింది. దాని రెండో భాగాన్ని మొదటి దానితో పోల్చేవారు, కోట్లు చూసే ముందు ఆ పెంపును తీసివేసి లెక్క మొదలుపెట్టాలి.