ఖార్దుంగ్ లా ఎత్తు: బోర్డు మీది అంకె, ఉపగ్రహాల సాక్ష్యం

లడఖ్‌లో లేహ్ పట్టణానికి ఉత్తరాన, నుబ్రా లోయకు వెళ్లే దారిలో ఉంది ఖార్దుంగ్ లా కనుమ. 1988లో ఈ దారిని మోటారు వాహనాలకు తెరిచారు. దీని ఎత్తు 18,380 అడుగులు, అంటే 5,602 మీటర్లని, వాహనాలు వెళ్లగల రోడ్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది ఇదేనని అక్కడి బోర్డు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. జీపీఎస్ రిసీవర్లు పట్టుకెళ్లి కొలిచినవాళ్లకు మాత్రం పదే పదే వచ్చింది 5,359 మీటర్లకు అటూ ఇటూగా ఉండే అంకె. తేడా 243 మీటర్లు. ఇంత తేడాకు కారణం ఉపగ్రహ కొలతలోని లోపం కావచ్చా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఉపగ్రహ కొలతలో బలహీనమైన భాగం ఎత్తే. రిసీవర్‌కు ఉపగ్రహాలు నలుదిక్కులా కనిపిస్తాయి కానీ, అన్నీ తల పైనుంచే. భూమి అడ్డు కాబట్టి కింది వైపు నుంచి సంకేతం రాదు. అందుకే అక్షాంశ రేఖాంశాలు తేలినంత కచ్చితంగా ఎత్తు తేలదు. దీనికి తోడు గాలిలోని తేమ సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది, పక్కనున్న కొండగోడ దాన్ని మళ్లిస్తుంది. చేతిలో పట్టే మామూలు పరికరంతో ఎత్తులో 10, 20 మీటర్ల పొరపాటు రావడం వింత కాదు. అయితే అలాంటి పొరపాటు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పరికరాలతో తీసిన కొలతలన్నీ ఒకే వైపు 240 మీటర్లు జారవు.

ఇక్కడ మరో అనుమానం రావాలి. ఉపగ్రహాలు నేరుగా ఇచ్చేది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు. ధ్రువాల దగ్గర కాస్త అణిగిన నునుపైన గోళంగా భూమిని లెక్కకట్టి, ఆ ఊహా ఉపరితలం నుంచి ఎత్తు చెబుతాయి. అసలు సముద్రమట్టం గురుత్వాకర్షణను బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ మట్టాన్ని ఖండాల కిందికి కూడా పొడిగించి గీసిన ఉపరితలమే జియోయిడ్. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో అది ఊహా ఉపరితలానికి 100 మీటర్లకు పైగా దిగువన ఉంది. ప్రపంచంలో అంత లోతు మరెక్కడా లేదు. హైదరాబాద్ దగ్గర ఈ తేడా 70 మీటర్లు దాటుతుంది. విశాఖ బీచ్‌లో నిలబడిన మనిషి సముద్రానికి పదుల మీటర్ల కింద ఉన్నట్టు కొన్ని ఫోన్ యాప్‌లు చూపడానికి కారణం ఈ సవరణ చేయకపోవడమే.

మరి ఖార్దుంగ్ లా లెక్క తప్పింది ఇక్కడేనా? కాదు. లడఖ్‌లో కూడా జియోయిడ్ ఊహా ఉపరితలానికి దిగువనే ఉంది. కాబట్టి సవరణ మరిచిపోతే ఎత్తు తగ్గి కనిపిస్తుందే తప్ప పెరగదు. పైగా అక్కడ ఆ తేడా కొన్ని పదుల మీటర్లే. 243 మీటర్ల అదనాన్ని ఇది ఏ విధంగానూ సమర్థించదు.

జీపీఎస్‌తో సంబంధం లేని సాక్ష్యం కూడా ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలను కొలిచింది. దాని లక్ష్యిత కచ్చితత్వం 16 మీటర్లు. నిటారు కొండల్లో ఆ సమాచారానికి ఖాళీలున్నాయి, తప్పులూ ఎక్కువే. అయినా ఈ కనుమ విషయంలో అది బలపరిచేది 5,359 మీటర్ల అంకెనే. రష్యన్ స్థలాకృతి పటాలు చెప్పేదీ అదే. వేర్వేరు దారుల్లో వచ్చిన కొలతలు ఒకచోట కలిసినప్పుడు, బోర్డు అంకె తప్పని చెప్పడానికి సందేహించనక్కర్లేదు. ఐదారు మీటర్ల దగ్గర వాదన మిగలవచ్చు. కనుమ అంటే రోడ్డు మీది ఎత్తైన బిందువా, తవ్వకముందు ఉన్న సహజమైన జీను ఆకారపు ఒంపా, జెండాలు కట్టిన గుట్టా అన్నది ముందే చెప్పకపోతే ఆ వాదన తీరదు.

బోర్డు అంకెను సరిదిద్దడం వల్ల రోడ్డు వేసినవాళ్ల శ్రమ రవ్వంతైనా తగ్గదు. 5,359 మీటర్లంటే ఆల్ప్స్ పర్వతాల్లో ఎత్తైన మో బ్లాఁ శిఖరాన్ని 500 మీటర్లకు పైగా మించిన ఎత్తు.

మీటరు లోపు తేడా ముఖ్యమైన చోట మాత్రం చేతి పరికరం చాలదు. స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు, అంటే 914.4 మీటర్లు దాటిన కొండలను మన్రోలు అంటారు. 2009లో స్గూర్ నన్ క్యానహన్ అనే కొండను కొలిస్తే 913.43 మీటర్లు వచ్చింది. మీటరు కన్నా తక్కువ తేడాతో అది ఆ జాబితాలోంచి పోయింది. అలాంటి నిర్ణయానికి నాణ్యమైన రిసీవర్‌ను శిఖరం మీద గంటల తరబడి కదలకుండా ఉంచి, స్థానం కచ్చితంగా తెలిసిన కేంద్రాల్లో అదే సమయంలో నమోదైన సంకేతాలతో పోల్చి లెక్కకట్టాలి. ఎవరెస్ట్ విషయంలో నేపాల్ బృందం 2019 మేలో శిఖరం మీద రిసీవర్‌తో పాటు మంచు మందాన్ని చూసే రాడార్‌నూ వాడింది. కింద గురుత్వాకర్షణను కొలిచారు. చైనా బృందం 2020లో కొలిచింది. రెండు దేశాలూ కలిసి ఆ డిసెంబరులో 8,848.86 మీటర్లని ప్రకటించాయి.

తూర్పు కనుమల్లోనూ ఇంత జాగ్రత్త అవసరమైన ప్రశ్న ఒకటుంది. ఎత్తైన శిఖరం ఏదంటే జిందగడకు 1,690, అర్మకొండకు 1,680, ఒడిశాలోని దేవ్‌మాలికి 1,672 మీటర్లని పుస్తకాల్లో కనిపిస్తుంది. వీటి మధ్య తేడాలు రాడార్ సర్వే దోష పరిమితి దాటనివి లేదా దాని అంచున ఉన్నవి. అక్కడ జియోయిడ్ సవరణే 60 మీటర్లకు పైన. ఈ అంకెలతో పోటీ పరీక్షల్లో జవాబు రాయించవచ్చు గానీ ర్యాంకు తేల్చలేం. ఆ శిఖరాల మీద ఒకేసారి రిసీవర్లు పెట్టి, ఒకే జియోయిడ్ నమూనాతో లెక్కకట్టాలి. కొలిచిన సంవత్సరం, పద్ధతి, దోష పరిమితి కూడా ఎత్తుతో పాటు ప్రచురించాలి. ఈ పని చేయగల పరికరాలు, నిపుణులు మన సర్వే సంస్థల దగ్గర ఉన్నారు. వాళ్లు పూనుకోవాలని కోరుతున్నాను.