మూలనాదమును ఎదుట నిలిపి

ఇంటిలో సంగీతము వినుటకై పెద్దమొత్తము వెచ్చించి రెండు లౌడ్‌స్పీకర్లను తెచ్చుకొనువారును, వానిని కొంతకాలము విని తృప్తి చాలక మరి రెండింటిని తెచ్చి పక్కపక్కన నిలిపి ఏది మేలని చెవియొగ్గువారును నేడు మన నగరములయందు అరుదు కారు. ఈ పోల్చి వినెడి వాడుక నిన్న మొన్న పుట్టినది కాదు. ధ్వనిని యంత్రమున బంధించి మరల విడుచు విద్య ఎంత పాతదో ఇదియు ఇంచుమించుగా అంత పాతది. అయితే ఆదిలో ఆ పోలిక పాడు మనిషికిని పాటను పలుకు యంత్రమునకును నడుమ జరిగెడిది. పెట్టెను పెట్టెతో పోల్చుట తరువాత వచ్చినది. ఆ మొదటి పద్ధతిని పట్టుకొని ఎట్టి లౌడ్‌స్పీకర్లు వెలసెనో, తుదకు అది ఎట్లు మరుగున పడెనో చెప్పవలెనని నాకు చాలకాలముగా కోరిక.

1915లో అమెరికాయందు థామస్ ఎడిసన్ సంస్థవారు తమ డైమండ్ డిస్క్ ఫోనోగ్రాఫును ప్రచారము చేయుటకై ఊరూర సభలు జరుప నారంభించిరి. వేదికమీద యంత్రమును, దాని పక్కన ఆ పాటనే రికార్డునకు పాడిన గాయనిని నిలుపుదురు. ఆమె కొంత పాడి ఆగును, యంత్రము అందుకొనును, నడుమ దీపములు ఆర్పుదురు, చీకటిలో పాట సాగుచునే యుండును, మరల దీపములు వెలిగి చూడగా గాయని అక్కడ ఉండదు, యంత్రమొక్కటే పాడుచుండును. 1916లో న్యూయార్కు కార్నెగీ హాలునందు మేరీ రాపోల్డ్ పాడిన సభ వీనిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. ఆ యంత్రమునకు విద్యుత్తుతో నిమిత్తమే లేదు. సూది కదలికతో వణకిన పొర నాదమే బాకా గుండ వెలువడెడిది. అది మనుష్యకంఠముతో సరితూగినదని వేలమంది నమ్ముట మనకు వింతగా తోచును. ఆ సభలలో పాడిన అన్నా కేస్, యంత్రపు గొంతునకు సరిపడునట్లు తన గొంతును తగ్గించి పాడితినని చాలకాలము పిమ్మట చెప్పినది. అనగా మూలమే నకలునకు అనుగుణముగా నడచినది. అయినను ఆ సభలలో ఒక ధర్మము నిలిచియున్నదని నేననుకొందును: శ్రోతకు మూలము ఎదుట నుండెను, ఏది దేనికి నకలో అతనికి తెలిసియుండెను.

విద్యుత్తు ప్రవేశించిన పిదప మొదట పెరిగినది బిగ్గరతనము. పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడ్హామ్ అను ఇరువురు అయస్కాంతము నడుమ కదలు తీగచుట్టకు బాకాను తగిలించి 1915లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున గొప్ప జనసమూహమునకు వినిపించిరి. మన పెండ్లిపందిళ్లలో, తిరునాళ్లలో మైకుసెట్టువారు చెట్టుకొమ్మలకు కట్టెడి బాకాలు ఆ వంశములోనివే. దూరమును జయించుటయే వాని ధర్మము. ఇంటిలో కూర్చుండి వినదగిన స్పీకరు 1925 నాటిది. ఆ యేట జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ తమ పరిశోధనమును ప్రకటించిరి. తేలికైన తీగచుట్టను బలమైన అయస్కాంతక్షేత్రమున నిలిపి, దానిని ఆరంగుళముల కాగితపు శంకువునకు అతికి, ఆ శంకువు సహజముగా ఊగెడి పౌనఃపున్యమును వినవలసిన స్వరములకు దిగువకు దించినయెడల, ఆ పై స్వరములన్నియు హెచ్చుతగ్గులు లేక వెలువడునని వారు నిరూపించిరి. నేటికిని మన ఇండ్లలోని స్పీకర్లలో అత్యధికము ఈ సూత్రముపైననే నడచుచున్నవి.

అయితే శంకువు ముందునకు గాలిని నెట్టునప్పుడు వెనుక గాలిని లాగును. ఈ రెండు అలలు కలిసికొన్నచో మంద్రస్వరములు ఒకదానినొకటి హరించును. వెనుకటి అలను అడ్డుటకు పలకయో పెట్టెయో కావలసివచ్చినది. పెట్టె వచ్చిననాటినుండి పెట్టెయు పాడ మొదలిడినది: దాని కర్రపలకలు తమ అనునాదముతో ప్రతి స్వరమునకును తమ రంగు పూయును. అటుపిమ్మటి లౌడ్‌స్పీకరు చరిత్రలో పెద్దభాగము ఈ పెట్టె నోరు మూయించుటకై జరిగిన పరిశ్రమయే.

ఆ పరిశ్రమకు రెండవ ప్రపంచయుద్ధానంతరపు ఇంగ్లండు వంటి క్షేత్రము మరియొకటి లేదు. యార్క్‌షైరులో బట్టల వ్యాపారమున ఉండిన గిల్బర్ట్ బ్రిగ్స్ 1932లో, నలుబదేండ్లు దాటిన వయసున, ఇల్క్లీ పట్టణమునందలి తన ఇంటి నేలమాళిగలో స్పీకర్లు చేయ నారంభించెను. ఆ పట్టణమున్న లోయ పేరనే సంస్థకు వార్ఫ్‌డేల్ అని పేరిడెను. ఆయన ఇంజనీరు కాడు, పియానో ప్రియుడు. తీగపై సుత్తి తాకిన క్షణమున పుట్టు కాఠిన్యమును, పిదప నాదము సన్నగిల్లు తీరును, రెండింటిని నిజముగా పలికించుట ఏ యంత్రమునకైనను కఠినపరీక్షయే. ఆ పరీక్షలో తన పెట్టెలు తప్పుచున్నవని తెలిసి, పలకలు పాడకుండుటకై రెండు పలుచని చెక్కల నడుమ ఇసుక నింపి అమర్చెను. 1948లో లౌడ్‌స్పీకర్లను గూర్చి సామాన్యులకు బోధపడు భాషలో చిన్నపుస్తకము వ్రాయగా దానికి విశేషాదరణ లభించినది. పరికరమును అమ్ముకొనువాడే కొనువానికి దాని గుట్టు విప్పి చెప్పుట నాకు గొప్ప సౌజన్యముగా తోచును.

1954 నవంబరు 1వ తేదీన బ్రిగ్స్ లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలును అద్దెకు తీసికొనెను. సుమారు 3000 మంది కూర్చుండు ఆ మహామందిరమున, ఇంటికొరకు చేసిన స్పీకర్లను వేదికపై నిలిపి, ఒకప్పుడు వాద్యమును, ఒకప్పుడు ఆ వాద్యపు రికార్డును మార్చి మార్చి వినిపించెను. టిక్కెట్లన్నియు ముందే చెల్లిపోయినవి. యంత్రముల ప్రదర్శనమునకు కచేరికి వచ్చినట్లు జనము రాగలరని అంతవరకు ఎవ్వరును ఊహించి యుండరు. మరుసటి యేడు అక్టోబరులో న్యూయార్కు కార్నెగీ హాలునందును ఇట్టి సభయే జరిగినది. ఎడిసన్ సభలయందువలె ఇక్కడ మాయ లేదు, చీకటి చేయలేదు, వాద్యకారుడు ఎదుటనే యుండెను. భేదము తెలియదని బ్రిగ్స్ ప్రగల్భములు పలుకలేదు. భేదమెంతయో వినుడని సభను ఆహ్వానించెను.

ఆ సభలలో బ్రిగ్సునకు యాంప్లిఫయర్లతో తోడ్పడినవాడు పీటర్ వాకర్. హంటింగ్డన్ పట్టణమున క్వాడ్ యాంప్లిఫయర్లను చేయించుచుండిన ఈతడు, పెట్టె పాడకుండ ఆపుట ఎట్లు అను ప్రశ్ననే తోసిపుచ్చి, అసలు పెట్టెయే ఏల అని అడిగెను. 1957లో ఆయన అమ్మకమునకు తెచ్చిన విద్యుత్‌స్థితిక స్పీకరునందు కాగితపు శంకువు లేదు, అయస్కాంతము లేదు, పెట్టె లేదు. చిల్లులు గల రెండు పలకల నడుమ మిక్కిలి పలుచని ప్లాస్టిక్ పొరను బిగించి, దానికి వేల వోల్టుల ఆవేశము నిచ్చి, సంగీతసంకేతమును పలకలకు పంపగా, పొర యావత్తును ఒక్కతీరుగా ముందువెనుకలకు కదలును. శంకువునందు కదలిక నడుమ పుట్టి అంచుకు పోవుదారిలో వంకరలు పోవును. ఇక్కడ పొర అంతటను ఒకే బలము పనిచేయును గనుక ఆ దోషమునకు తావు లేదు. మనుష్యకంఠమునందును వాయులీనమునందును దీని స్వచ్ఛత నేటికిని కొందరు శ్రోతలకు కొలమానముగా నిలిచియున్నది. దానికి లోపములు లేకపోలేదు: మంద్రమున బలము చాలదు, మితిమీరి బిగ్గరగా నడిపినచో పొరకు హాని, నిర్ణీతస్థానమున కూర్చున్నవానికే పూర్తిఫలము. ఇన్ని లోపములతోను అది 1985 వరకు తయారగుచునే యుండెను. వాకర్ దాని పైమెట్టును వెంటవెంటనే అమ్ముటకు త్వరపడలేదు. మరియొక స్పీకరును 1963లో తలపెట్టి, 1981లో గాని బజారున పెట్టలేదు. ఏటేట కొత్తది కొనుమని చెప్పు నేటి వర్తకనీతి ఎదుట ఈ ఓరిమి నాకు పూజనీయముగా కనబడును.

అమెరికాయందు ఎడ్గార్ విల్చర్ 1954లో పెట్టెను శత్రువుగా గాక సేవకునిగా మార్చెను. గాలి చొరకుండ మూసిన చిన్నపెట్టెలోని గాలినే శంకువునకు స్ప్రింగుగా వాడి, అంతవరకు బీరువాయంత పెట్టె కావలసిన మంద్రమును అలమరలో ఇముడు పెట్టెనుండి రప్పించెను. మరి నాలుగేండ్లకు స్టీరియో రికార్డులు వచ్చి ప్రతి ఇంటికి రెండేసి స్పీకర్లు కావలసినప్పుడు ఆ చిన్నపెట్టె విలువ లోకమునకు తెలిసినది. ఆయన సంస్థవారును ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అను తంత్రీవాద్యబృందమును వేదికపై నిలిపి, నడుమ నడుమ వారు వాయించుట మాని అభినయించుచుండగా స్పీకర్లు పలుకునట్లు చేసిరి. న్యూయార్కు గ్రాండ్ సెంట్రల్ రైలుస్టేషనులో ఏదియు అమ్మని శ్రవణశాల నొకదానిని తెరచి బాటసారులను కూర్చుండి వినుడనిరి.

మూలమును ఎదుట నిలిపి పోల్చు ఈ ధర్మమును దినచర్యగా మార్చినవారు బి.బి.సి. ఇంజనీర్లు. వారి పక్కగదిలోనే మాటలాడు మనిషియు, వాయించు వాద్యబృందమును ఉండెడివి. తలుపు తెరచి లోనికి పోయి విని, మరల వచ్చి స్పీకరును వినవచ్చును. కంఠమునే వారు ముఖ్యపరీక్షగా పెట్టుకొనిరి. వాద్యములు తెలియనివాడు ఉండునేమో గాని మనిషి గొంతు తెలియనివాడు లేడు గదా. డి.ఇ.ఎల్. షార్టర్ 1946లోనే సంకేతము ఆగిన తరువాత స్పీకరునందు మిగిలి సన్నగిల్లెడి నాదమును కొలుచు మార్గమును ప్రకటించెను. చెవికి రంగుగా తోచునది ఆ శేషనాదమే. పెట్టె పలకలను మందముగా చేయుటకంటె పలుచగా చేసి లోపల నాదశోషకమైన పూత నతికించుట మేలని ఆ శాఖవారే తేల్చిరి. ప్రసారవాహనములలో ఇముడుటకై వారు రూపించిన ఎల్‌ఎస్ 3/5ఎ అను అడుగెత్తు పెట్టె 1970ల నడిమినుండి ఇండ్లలోను అడుగిడి, మంద్రము స్వల్పమేయైనను, కంఠస్ఫుటతవలన లోకమంతట శ్రోతలను సంపాదించుకొన్నది.

ఈ మార్గము మరుగుపడుటకు కారణము స్పీకర్లలో లేదు, రికార్డులలో కలదు. స్టూడియోలలో పాటను ముక్కలుగా గ్రహించి, ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క మైకు పెట్టి, తరువాత కూర్చి చేయు పద్ధతి ప్రబలినపిమ్మట, ఆ పాట ఏ గదిలోను, ఏ క్షణమునను ఆ రూపమున మ్రోగియుండలేదు. పోల్చుటకు మూలము ఏది? స్టూడియోలోని స్పీకరుగుండ వినబడినదే మూలము. ఆ స్పీకరు లోపము రికార్డులో చేరును. ఆ రికార్డుతోనే మన స్పీకరును పరీక్షింతుము. కెనడా శాస్త్రజ్ఞుడు ఫ్లాయిడ్ టూల్ దీనిని భ్రమచక్రముగా వర్ణించెను. 1962లో స్టీరియోఫైల్ పత్రికను స్థాపించిన గోర్డన్ హోల్ట్, 1973లో ది అబ్సొల్యూట్ సౌండ్ పత్రికను స్థాపించిన హారీ పియర్సన్ ఇరువురును యంత్రసహాయము లేని వాద్యధ్వనినే కొలబద్దగా గైకొని వ్రాసిరి. కాని పాఠకులలో అధికులకు ఆ కొలబద్ద కచేరీలో ఎప్పుడో విన్న జ్ఞాపకము మాత్రమే. అంగళ్లలో పెట్టెను పెట్టెతో పోల్చుటయే మిగిలినది. ఆ పోలికలో బిగ్గరగా పలికినది గెలుచును. స్వల్పధ్వనియందు చెవి మంద్రమును తక్కువగా గ్రహించునని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ చూపిరి. కాబట్టి రెండింటిలో ఒకటి ఇంచుక హెచ్చుగా మ్రోగినను అదే నిండుగా, దగ్గరగా వినబడును.

టూల్ కెనడా జాతీయ పరిశోధన మండలిలో పనిచేయుచు 1980లలో స్పీకర్లను తెరచాటున ఉంచి శ్రోతల తీర్పులను సేకరించెను. పేరు, వెల, రూపము ఎరుగనప్పుడు వినికిడి సరిగానున్నవారి అభిప్రాయములు ఆశ్చర్యకరముగా ఏకమగుచున్నవనియు, వారు మెచ్చినవి అన్ని స్వరములను సమముగా, ఎదుటనేగాక పక్కలకును క్రమము తప్పక పంపునవే యనియు తేలినది. పిమ్మట హార్మన్ సంస్థయందు షాన్ ఆలివుతో కలిసి 1994లో ప్రకటించిన పరిశీలనమున, అదే శ్రోతలకు తెర తీసి చూపగా తీర్పులు మారినవి. స్పీకరును గదిలో ఒకచోటినుండి మరియొకచోటికి జరిపినప్పుడు కలుగు భేదమును సైతము వారు మునుపటంతగా పట్టలేకపోయిరి. చూపు చెవిని అంతగా లొంగదీయునని ఎరిగినపిదప, తెర లేని పోలికను నేను ప్రమాణముగా స్వీకరింపజాలను.

ఆ గది మాట మనకు మరింత అవసరము. స్టూడియోలలో తివాచీలు, శోషకములు ఉండును. మన ఇండ్లలో నున్నని రాతినేల, సున్నపు గోడలు, బోసి పైకప్పు, అన్నియు తారస్వరములను తిరుగగొట్టునవే. 14 అడుగుల పొడవుగల గది సుమారు 40 హెర్ట్జ్ వద్ద తానుగా అనునాదము పొందును. సినిమాపాటలలో బేస్ గిటారు అట్టడుగు తీగ నాదము దాదాపు అక్కడనే యుండును. స్పీకరును గోడకు చేర్చినను, మూలకు నెట్టినను ఆ ఒక్క స్వరము ఉబ్బి తక్కినవానిని మ్రింగును. ఇది చూడక వెయ్యికి పదివేలు పెట్టి కొత్త స్పీకరు తెచ్చినను ఆ ఉబ్బు తగ్గదు. జానెడు ముందునకు జరిపినచో ఒక్కొక్కప్పుడు తగ్గును.

మూలము మనకు దుర్లభమా అనినచో, కాదని నా నమ్మకము. మన సంగీతమునందు కంఠము, వీణ, తంబురా ఇంటిగదికి తగిన ధ్వనులే. ఫెస్టివల్ హాలు అక్కరలేదు. తంబురా నాదమున ఉపస్వరములు దట్టముగా పెనవేసికొని యుండును. శంకువునకు శేషనాదమున్నయెడల ఆ పెనవేత రేకు మ్రోతగా మారును. మంద్రస్థాయిలో బాలమురళీకృష్ణ కంఠమును విన్నప్పుడు గొంతు రొమ్మునుండి వచ్చుచున్నదా, పెట్టెనుండి వచ్చుచున్నదా అనునది క్షణములో తెలిసిపోవును. ఇంటిలో వీణ వాయించువారు ఒక్కరున్నను బి.బి.సి. వారి పక్కగది మన ఇంటనే యున్నట్లు.

పాత స్పీకరును తీసి కొత్తదానిని నిలుపదలచినవారు రెండింటిని పక్కపక్కన పెట్టి వినుట పరిపాటి; కాని అప్పుడు వారు పోల్చునది రెండు స్పీకర్లను గాదు, గదిలోని రెండు చోట్లను. హార్మన్ పరిశోధనశాలవారు ఈ చిక్కు తీర్చుటకై, తెర వెనుక స్పీకర్లను గాలిపీడనముతో నిమిషములు గాక క్షణములలో జరిపి ఒకే స్థానమునకు తెచ్చు యంత్రమును నిర్మించుకొనిరి. మన ఇంటిలో ఆ పని ఇద్దరు మనుష్యులు చేయగలరు: నేలపై సున్నముతో గుర్తు గీసి, రెండు జతలను వంతుగా అదే గుర్తుపై నిలిపి, ధ్వనిమట్టమును మీటరుతో సమము చేసి, వినువానికిని స్పీకర్లకును నడుమ పలుచని నూలుబట్టను కట్టవలెను. ఏది ఎప్పుడు మ్రోగినదో మోసినవారు పాటలన్నియు ముగియువరకు చెప్పరాదు.