సరుగుడు వేరు, ఎరువుల ఓడ

విశాఖ వన్‌ టౌన్‌ పక్కన రాస్‌ హిల్‌ ఎక్కితే హార్బర్‌లోకి వచ్చిపోయే ఓడలు కనిపిస్తాయి. ఎరువులు, రాక్‌ ఫాస్ఫేట్‌ ఈ రేవులో ఎప్పటినుంచో దిగుతున్న సరుకులు. ఊరు దాటి తీరం వెంట నడిస్తే సరుగుడు తోటలు. సారం లేని ఆ ఇసుకలో చెట్టు అంత ఏపుగా ఎలా పెరుగుతుంది? వేరు తవ్వి చూస్తే పగడపు గుత్తుల్లాంటి బుడిపెలుంటాయి. వాటిలో కాపురమున్న ఫ్రాంకియా అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తుంది, చెట్టు దానికి చక్కెర పెడుతుంది.

జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి దున్నితే తర్వాతి పంట బాగుంటుందని మన రైతుకు తెలుసు. ఎందుకన్నది తేల్చింది యూరప్‌. 1885లో ఆల్బర్ట్‌ ఫ్రాంక్‌ అడవి చెట్ల వేళ్లకూ శిలీంధ్రాలకూ ఉన్న పొత్తును గమనించి ‘మైకోరైజా’ అని పేరు పెట్టాడు. మరుసటేడు బ్రుంకోర్స్ట్‌ ఆయన గౌరవార్థమే ఫ్రాంకియాకు ఆ పేరిచ్చాడు. పప్పుజాతి మొక్కలు వేరు బుడిపెలతో గాలి నత్రజనిని వాడుకుంటాయని హెల్‌రీగెల్‌ చాటిందీ ఆ 1886లోనే. రెండేళ్లకు బైజెరింక్‌ ఆ పప్పుజాతి బుడిపెల్లోని బాక్టీరియాను, అంటే రైజోబియంను, బయటికి తీసి పెంచాడు. వేరు చుట్టూ ఉండే సజీవమైన మట్టిని 1904లో హిల్ట్‌నర్‌ ‘రైజోస్ఫియర్‌’ అన్నాడు.

అంతలోనే ఫ్యాక్టరీ ముందుకు దూకింది. 1909లో హేబర్‌ గాలి నత్రజనితో అమ్మోనియా చేసి చూపాడు. 1913కల్లా జర్మనీలోని ఒప్పౌలో కర్మాగారం నడిచింది. దానికి వందలరెట్ల వాతావరణ పీడనం, నాలుగైదు వందల డిగ్రీల వేడి కావాలి. సరుగుడు వేరు అదే పనిని చల్లటి ఇసుకలో, చప్పుడు లేకుండా చేస్తుంది. విశాఖ రేవు 1933లో తెరుచుకుంది, 1967లో కోరమాండల్‌ ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది. ఆకలి రోజులవి, కాబట్టి ఆ తొందరను నేను తప్పుపట్టను.

వేరు సంగతి మాత్రం నత్తనడకన సాగింది. పేరు పెట్టిన 92 ఏళ్లకు, 1978లో గానీ ఫ్రాంకియాను ప్రయోగశాలలో విడిగా పెంచలేకపోయారు. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్‌ వేరుశెనగ, శెనగ, కంది బుడిపెల మీద పనిచేసింది. రైజోబియం కల్చర్‌ను బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించడం రైతులకు అలవాటైంది. అయితే ఆ చేనులోనే యూరియా ఎక్కువ చల్లితే బుడిపెలు తగ్గిపోతాయి. నత్రజని ఊరకే దొరుకుతుంటే అద్దెకున్నవాడికి మొక్క అన్నం ఎందుకు పెడుతుంది?

పూతకొచ్చిన వేరుశెనగ మొక్కను మెల్లగా పెకలించి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టు, పాలిపోయి ఉంటే జరగనట్టు.