సూరత్‌లో ఇల్లు, స్వగ్రామంలో భూమి: వలస కుటుంబాలకు వీలునామా, వారసత్వం, వృద్ధాప్య భద్రత

తెలంగాణ జిల్లాల నుంచి ఉపాధి కోసం సూరత్ చేరిన తెలుగు కుటుంబాలలో చాలా వాటికి ఆస్తి రెండు రాష్ట్రాలలో ఉంటుంది. లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాలలో ఒక గదో చిన్న ఇల్లో. స్వగ్రామంలో తండ్రి నాటి పెంకుటిల్లో, కొద్దిపాటి పొలమో. సాంచాల మీద పనిచేసి ఈ నగరంలో స్థిరపడిన పద్మశాలి తదితర కుటుంబాల తొలితరం నేడు వృద్ధాప్యంలో ఉంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపేటంతగా ఇక్కడ వేళ్లూనుకున్న సమాజమిది. అయినప్పటికీ ఇంటిపెద్ద మరణించిన తరువాత ఏ ఆస్తి ఎవరికి చెందుతుంది, ఏ కార్యాలయంలో ఏ పత్రం చూపాలి అన్న ప్రశ్నలకు చాలా ఇళ్లలో ముందుగా సమాధానం సిద్ధంగా ఉండదు. ఆ జాప్యం వల్ల ఎక్కువగా నష్టపోయేది వితంతువులు, ఆడపిల్లలు, ఆదాయం లేని వృద్ధులు.

వీలునామా లేకుండా మరణిస్తే

హిందువుల విషయంలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. పురుషుడు వీలునామా లేకుండా మరణిస్తే అతని స్వార్జితం మొదటి తరగతి వారసులకు సమానంగా చెందుతుంది. భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లి ఈ తరగతిలోకి వస్తారు. తండ్రి ఇందులో లేడు. ఉదాహరణకు భార్య, తల్లి, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు ఉంటే ఆస్తి ఐదు సమాన వాటాలవుతుంది. సూరత్‌లో తండ్రితో కలిసి ఉన్న కుమారుడికి ఇక్కడి ఇల్లు, ఊళ్లో ఉన్నవారికి పొలం అన్న విభజన చట్టంలో లేదు. ప్రతి ఆస్తిలోనూ ప్రతి వారసునికీ వాటా ఉంటుంది.

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పిస్తూ 2005 సెప్టెంబరు 9 నుంచి చట్ట సవరణ అమలులోకి వచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండవలసిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో స్పష్టం చేసింది. పెళ్లిలో కట్నం ఇచ్చినంత మాత్రాన కుమార్తె హక్కు రద్దు కాదు. ఆమె తన వాటాను వదులుకోదలిస్తే అందుకు రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రం ఉండాలి.

స్త్రీ ఆస్తికి క్రమం వేరు. వీలునామా రాయకుండా మరణించిన స్త్రీ ఆస్తి మొదట సంతానానికి, భర్తకు చెందుతుంది. వారెవరూ లేకపోతే ఆమె స్వార్జితం సైతం కన్న తల్లిదండ్రుల కంటే ముందు భర్త వారసులకు వెళుతుంది. సొంత సంపాదనతో గది కొనుక్కున్న సంతానం లేని వితంతువు తన తల్లికో, తనను చూసుకున్న చెల్లెలికో దానిని ఇవ్వదలిస్తే వీలునామా రాయడం అత్యవసరం.

ముస్లింలు, క్రైస్తవులకు వేర్వేరు నియమాలున్నాయి. వారసుల సమ్మతి లేకుండా ముస్లిం వ్యక్తి తన ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వడానికి వీలులేదు.

వీలునామాకు కావలసినవి

వీలునామాకు స్టాంపు కాగితం అవసరం లేదు. తెల్ల కాగితంపై, తెలుగులోనే రాసుకోవచ్చు. రాసే వ్యక్తి మేజరై, స్థిమితమైన మనసుతో ఉండాలి. సంతకం లేదా వేలిముద్ర వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు దానిని ధ్రువీకరిస్తూ, రాసిన వ్యక్తి సమక్షంలో సంతకాలు చేయాలి. ఆస్తి పొందబోయేవారిని సాక్షులుగా పెట్టకపోవడం శ్రేయస్కరం. తరువాత వివాదం తలెత్తితే కనీసం ఒక సాక్షి కోర్టులో వాంగ్మూలం ఇవ్వవలసి ఉంటుంది కనుక, వయసులో చిన్నవారిని, చిరునామా తెలిసినవారిని ఎంచుకోవడం మంచిది. చదువు రానివారికి పత్రాన్ని చదివి వినిపించి, ఆ విషయాన్ని అందులోనే నమోదు చేయాలి.

వీలునామా రిజిస్ట్రేషన్ చట్టరీత్యా తప్పనిసరి కాదు. చేయిస్తే పత్రం పోయినా నకలు దొరుకుతుంది. స్థిరాస్తి విక్రయ, దాన దస్తావేజులను ఆస్తి ఉన్న ప్రాంతంలోనే రిజిస్టరు చేయించాలి. వీలునామాకు ఆ నిబంధన లేదు. తెలంగాణలోని పొలాన్ని ప్రస్తావించే వీలునామాను సూరత్‌లోనూ రిజిస్టరు చేయించవచ్చు. అయితే జిల్లాలో సాధారణంగా వాడుకలో లేని, రిజిస్టరింగ్ అధికారికి తెలియని భాషలో పత్రం ఉంటే, ఆ జిల్లా భాషలోకి యథాతథ అనువాదాన్ని, నకలును జతచేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. కాబట్టి తెలుగు వీలునామాతో పాటు గుజరాతీ అనువాదం సిద్ధం చేసుకోవాలి.

వీలునామాను జీవించి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చివరిది చెల్లుతుంది. పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో తన వాటా మేరకే వీలునామా రాయగలరు. మొత్తం ఆస్తిని రాసినా మిగిలినవారి వాటాలకు అది వర్తించదు.

దానపత్రం రాసే ముందు

వీలునామా మరణానంతరం అమలవుతుంది. రిజిస్టరు చేసిన దానపత్రం వెంటనే అమలవుతుంది. ఇంటి యాజమాన్యం ఆ రోజే చేతులు మారుతుంది. కుమారుడి పేరిట ఇల్లు రాసిచ్చిన తరువాత అదే ఇంట్లో తల్లిదండ్రులకు చోటు కరవైన సందర్భాలు న్యాయస్థానాల ముందుకు తరచూ వస్తున్నాయి.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షన్ ఇందుకు ఒక రక్షణ కల్పించింది. కనీస వసతులు, అవసరాలు తీర్చాలన్న షరతుతో ఆస్తిని బదిలీ చేసినప్పుడు, పొందినవారు ఆ షరతును ఉల్లంఘిస్తే ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించాలని 60 ఏళ్లు నిండినవారు ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. అలాంటి షరతు ఉన్నట్లు చూపనిదే ఈ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా అన్వయించాలని, ట్రిబ్యునల్ ఆస్తి స్వాధీనాన్ని తిరిగి ఇప్పించవచ్చునని 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో తీర్పునిచ్చింది.

ఈ తీర్పుల సారం ఒక్కటే. పోషణ షరతును నోటిమాటగా వదిలివేయరాదు. దానపత్రంలోనే స్పష్టంగా రాయించాలి. ఆ ఇంట్లో దాతకు, దాత భార్యకు లేదా భర్తకు జీవితకాల నివాస హక్కు ఉంటుందన్న వాక్యాన్ని కూడా చేర్పించుకోవాలి. తొందర లేనివారికి దానపత్రం కంటే వీలునామాయే సురక్షితం.

సూరత్ ఇంటి పత్రాలు

వీలునామా ఎంత పకడ్బందీగా ఉన్నా, రాసిన వ్యక్తికి లేని హక్కును అది ఇవ్వలేదు. కార్మిక వాడలలో నోటరీ చేసిన ఒప్పంద పత్రం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఆధారంగా ఇళ్లు చేతులు మారడం పరిపాటి. అలాంటి పత్రాలు యాజమాన్య హక్కును బదిలీ చేయవని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. వేరా బిల్లుగా పిలిచే ఆస్తిపన్ను రసీదు, కరెంటు బిల్లు నివాసానికి ఆధారాలే కానీ యాజమాన్యానికి రుజువులు కావు. రిజిస్టరు చేసిన విక్రయ దస్తావేజు, ఇండెక్స్-2 నకలు, సిటీ సర్వే కార్యాలయం ఇచ్చే ప్రాపర్టీ కార్డు, సహకార గృహ సంఘమైతే షేర్ సర్టిఫికెట్ ముఖ్యమైనవి. ఇవి లేనివారు, అమ్మిన వ్యక్తి జీవించి ఉండగానే దస్తావేజు చేయించుకునే మార్గాన్ని న్యాయవాదితో చర్చించడం అవసరం. పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన వ్యక్తి మరణంతో సాధారణంగా ఆ అధికారం ముగిసిపోతుంది.

సూరత్‌లోని కొన్ని ప్రాంతాలు గుజరాత్ కల్లోలిత ప్రాంతాల చట్టం కింద నోటిఫై అయి ఉన్నాయి. అక్కడ ఇంటిని అమ్మాలన్నా, దానమివ్వాలన్నా ముందుగా కలెక్టరు అనుమతి పొందాలి. దస్తావేజు రాయించే ముందే ఈ విషయాన్ని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో తెలుసుకోవాలి.

యజమాని మరణించాక వారసుల పేర్ల నమోదుకు మరణ ధ్రువపత్రంతో పాటు తలాటీ నుంచి పొందే పేఢీనామా, అంటే వంశవృక్ష పత్రం అవసరమవుతుంది. సూరత్‌లో ఉన్న ఆస్తిపై వీలునామాకు ప్రోబేట్ తప్పనిసరి కాదు. వారసుల మధ్య వివాదం ఉంటే మాత్రం కోర్టును ఆశ్రయించవలసి రావచ్చు.

2006 ఆగస్టులో తాపీ నది వరద నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. అలాంటి విపత్తులో పత్రాలు పోతే రిజిస్టరయిన దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ధ్రువీకృత నకలు దొరుకుతుంది. నోటరీ కాగితానికి ఆ భరోసా లేదు.

స్వగ్రామంలోని భూమి

తెలంగాణలో వ్యవసాయ భూముల రికార్డులకు ధరణి స్థానంలో భూ భారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చింది. పట్టాదారు మరణిస్తే వారసులు విరాసత్ కోసం దరఖాస్తు చేసుకోవాలి. దూరాన ఉన్నామని ఏళ్ల తరబడి వాయిదా వేస్తే, ఊళ్లో ఉన్న ఒక్కరి పేరే రికార్డులోకి ఎక్కే ప్రమాదం ఉంది. స్వయంగా వెళ్లలేనివారు సూరత్‌లోని సబ్‌రిజిస్ట్రార్ ఎదుట ధ్రువీకరింపజేసిన పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా నమ్మకమైన వ్యక్తికి అధికారం ఇవ్వవచ్చు. ఆ పత్రంలో భూమిని అమ్మే అధికారాన్ని అవసరం లేకుండా చేర్చరాదు.

నామినీ, వారసుడు ఒకరే కాకపోవచ్చు

బ్యాంకు ఖాతాలో నామినీగా ఉన్న వ్యక్తి సొమ్మును స్వీకరించే హక్కు మాత్రమే పొందుతారు. ఆ సొమ్ము చట్టబద్ధ వారసులకు లేదా వీలునామాలో పేర్కొన్నవారికి చెందుతుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలుగా పెట్టుకోవచ్చు. జీవిత బీమాలో తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, సంతానం నామినీలయితే వారిని లబ్ధిదారులుగా గుర్తిస్తూ 2015లో చట్టాన్ని సవరించారు. పెళ్లికి ముందు రాసిన నామినేషన్లను సరిచూసుకోవడం మరువరాదు.

పోషణ, పింఛను

2007 చట్టం ప్రకారం తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు కుమారుల నుంచీ కుమార్తెల నుంచీ పోషణ కోరవచ్చు. తల్లిదండ్రులకు 60 ఏళ్లు నిండాలన్న నియమం లేదు. సంతానం లేని వృద్ధులు తమ ఆస్తిని పొందిన లేదా పొందబోయే బంధువుల నుంచి కోరవచ్చు. చట్టం పేర్కొన్న గరిష్ఠ పరిమితి నెలకు రూ.10,000. దరఖాస్తును తాము ఉంటున్న జిల్లాలో గానీ, సంతానం ఉంటున్న జిల్లాలో గానీ దాఖలు చేయవచ్చు. అంటే సూరత్‌లో ఉన్న కుమారుడిపై సిరిసిల్లలోని తల్లి తన జిల్లాలోనే దరఖాస్తు చేయవచ్చు. న్యాయవాదితో పని లేదు. వృద్ధులను విడిచిపెట్టడం మూడు నెలల వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా లేదా రెండూ విధించదగిన నేరం.

మరమగ్గాల రంగంలో భవిష్యనిధి సదుపాయం లేని కార్మికులు చాలామంది ఉన్నారు. 18 నుంచి 40 ఏళ్లలోపు వారికి రెండు మార్గాలున్నాయి. అటల్ పింఛను యోజన 60 ఏళ్ల తరువాత చెల్లింపును బట్టి నెలకు రూ.1,000 నుంచి రూ.5,000 వరకు ఇస్తుంది. చందాదారు మరణిస్తే భార్యకు లేదా భర్తకు అదే మొత్తం అందుతుంది. నెలకు రూ.15,000 లోపు ఆదాయం గల అసంఘటిత కార్మికులకు ఉద్దేశించిన శ్రమ యోగి మాన్‌ధన్ పథకం రూ.3,000 ఇస్తుంది, ఇందులో జీవిత భాగస్వామికి అందేది సగం. 70 ఏళ్లు పైబడినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా రూ.5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ చికిత్స సదుపాయం 2024 అక్టోబరు నుంచి అందుబాటులో ఉంది.

సహాయం ఎక్కడ

మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. సంస్థ జాతీయ సహాయ సంఖ్య 15100. వృద్ధుల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567.

ఇంటిపెద్ద ముందుగా చేయదగిన పని, రెండు రాష్ట్రాలలోని ఆస్తులు, ఖాతాలు, బీమాలు, అప్పులను ఒకే కాగితంపై రాసి, అసలు పత్రాలు ఎక్కడున్నాయో భార్యకు లేదా భర్తకు, పిల్లలందరికీ తెలియజేయడం. వీలునామా రాయడానికి ఆ జాబితాయే తొలి మెట్టు.