పొగ రంగులో ఇంజను జబ్బు

మెకానిక్కు ఇంజను మూత తెరవకముందే బండి వెనక్కి వెళ్ళి, సైలెన్సరు గొట్టంలో వేలు పెట్టి మసి చూడటం మీరు గమనించే ఉంటారు. ఈ విద్య కారు కంటే పాతది.

పుదుచ్చేరినే తీసుకోండి. ఆ పట్టణానికి 1879లో రైలు వచ్చింది. 1898లో కడలూరు రోడ్డు మీద, రోడియర్ మిల్లుగా పేరుపడ్డ బట్టల మిల్లు మొదలైంది (2020లో మూతపడింది). ఆవిరి యుగంలో పొయ్యి దగ్గర పనిచేసేవాడికి పొగే కొలబద్ద. పొగ చిక్కగా, నల్లగా వస్తే పొయ్యికి గాలి చాలటం లేదని అర్థం. కాలవలసిన కార్బన్ కాలకుండా మసిగా పోతోంది. యజమాని డబ్బు ఆకాశంలో కలుస్తోంది.

కాని ‘చిక్కగా’ అంటే ఎంత? ఒకరి కంటికి నలుపు, మరొకరికి బూడిదరంగు. యానాంతో పాటు పుదుచ్చేరిని అప్పట్లో పాలిస్తున్న ఫ్రాన్సులోనే దీనికి ఉపాయం పుట్టింది. మాక్సిమిలియన్ రింగెల్మాన్ అనే వ్యవసాయ ఇంజనీరింగ్ ఆచార్యుడు తెల్ల అట్టల మీద నల్ల గీతల గళ్ళు గీశాడు. దూరం నుంచి చూస్తే గీతలు కలిసిపోయి బూడిదరంగుగా కనిపిస్తాయి. 20 శాతం నలుపు ఒకటో నంబరు, 40 శాతం రెండు, పూర్తి నలుపు అయిదు. పొగను అట్టతో పోల్చి నంబరు చెప్పటమే! 1897లో ఈ పద్ధతి అమెరికా ఇంజనీర్లకూ పరిచయమైంది. (తాడు లాగేవాళ్ళ సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని చూపినవాడూ ఈయనే.)

అదే 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ ఇంజను విజయవంతంగా నడిచింది. పొయ్యి సిలిండరులోకి మారినా రసాయనశాస్త్రం మారలేదు. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, కార్బురేటరు పెట్రోలు ఎక్కువగా వదిలినా నల్లపొగే. డీజిల్ బండిలో నాజిల్ సరిగా చిమ్మకపోతే పెద్ద బిందువుల లోపలికి ఆక్సిజన్ చేరదు, అదీ నలుపే. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నట్టు. రాత్రంతా నిలిపిన బండి స్టార్టు చేయగానే నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వుల సీళ్ళను, వేగం పెంచినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులను అనుమానించాలి. అయితే పాత టూ-స్ట్రోక్ ఆటోకు ఈ సూత్రం పనికిరాదు. దానికి పెట్రోలుతో పాటు ఆయిలు కూడా కాలాల్సిందే!

తెల్లపొగ విషయంలో తొందరపడకండి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఢిల్లీ చలిలో అది తెల్లని ఆవిరిగా కనిపిస్తుంది. వెచ్చని పుదుచ్చేరిలో మాత్రం, ఇంజను వేడెక్కాక కూడా తెల్లమబ్బు ఆగకపోతే, రేడియేటరు నీళ్ళు హెడ్ గాస్కెట్ దాటి సిలిండరులోకి వస్తున్నాయేమో చూడాలి.

మసి భాష కూడా కాలంతో మారింది. పెట్రోలులో సీసం కలిపిన రోజుల్లో గొట్టం లోపల లేత బూడిదరంగు ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఆ తరువాత ఆరోగ్యమైన ఇంజను కూడా గొట్టాన్ని కొంత నల్లబరచసాగింది. పాత అలవాటుతో చూసిన కన్ను మంచి బండినీ రోగి అనుకుంటుంది.

అన్నిటికంటే ప్రమాదమైన కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. మూసిన షెడ్డులో నడుస్తున్న ఇంజను, పొగ కనబడకుండానే ప్రాణం తీయగలదు. అందుకే 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు కంటిని నమ్ముకోలేదు. ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు ఈ వాయువు నాలుగు చక్రాల పెట్రోలు బండ్లలో 3 శాతం, రెండు, మూడు చక్రాల బండ్లలో 4.5 శాతం మించరాదన్నాయి. డీజిల్ పొగకు హార్ట్రిడ్జ్ మీటరుపై 65 హద్దు. ఈ మీటరు పొగ నిండిన గొట్టం గుండా కాంతిని పంపి, ఎంత ఆగిపోయిందో కొలుస్తుంది. రింగెల్మాన్ అట్ట చేసిన పనినే కాంతి ఘటం చేస్తోందన్నమాట. తరువాత హద్దులు మరింత బిగిశాయి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. లోపల ఇంజను జబ్బుపడినా గొట్టం శుభ్రంగానే ఉండవచ్చు. ఆ సంగతి చెప్పవలసింది డాష్‌బోర్డు మీది దీపమే. అలాంటి కారు గొట్టంలో మీ వేలికి నల్లమసి దట్టంగా అంటిందంటే, ముందు అనుమానించవలసింది ఇంజనును కాదు, ఫిల్టరును. అది పగిలి ఉండాలి, లేదా ఎవరో తీసేసి ఉండాలి.