మాంత్రికుడికి కళ్ళెం: డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో తెగని పంచాయితీ

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత గొడవ గురించి మాట్లాడుకుందాం. టేబుల్ చుట్టూ ఐదుగురు కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారనుకోండి. ఒకడు కత్తి వీరుడు, ఇంకొకడు మాంత్రికుడు. పదిహేనో లెవెల్ వచ్చేసరికి మాంత్రికుడు ఎగురుతాడు, మాయమవుతాడు, క్షణంలో ఇంకో ఊళ్ళో తేలతాడు. కత్తి వీరుడు మాత్రం ఇంకా కత్తే తిప్పుతుంటాడు. తన వంతు వచ్చేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. ఆ ఫ్రెండ్ వచ్చే వారం ఆటకి వస్తాడా, రాడా? అసలు సమస్య అదే.

ఇది ఎక్కడ మొదలైంది? 1971లో అమెరికాలో చెయిన్‌మెయిల్ అనే ఆట వచ్చింది. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ రాశారు. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధం అది. అందులో మాంత్రికుడంటే ఒక ఫిరంగి లాంటివాడు. అగ్నిగోళం విసిరితే గుంపులకి గుంపులే పోతాయి. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. ఇక్కడ ఒక్కో ఆటగాడికి ఒక్కో పాత్ర. సైన్యంలో ఒక ఫిరంగి ఉంటే ఎవరికీ బాధ లేదు. ఐదుగురు ఫ్రెండ్స్‌లో ఒక్కడికే ఫిరంగి ఇస్తే?

అందుకే పాత రూల్స్‌లో కళ్ళేలు గట్టిగా ఉండేవి. జాక్ వాన్స్ 1950లో రాసిన ‘ది డయింగ్ ఎర్త్’ నుంచి ఒక ఐడియా తీసుకున్నారు: మంత్రం కంఠస్థం చేయాలి, ఒకసారి వాడితే అది మనసులోంచి చెరిగిపోతుంది. మొదటి లెవెల్‌లో రోజుకి ఒక్క మంత్రమే. కవచం వేసుకోకూడదు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ చూస్తే, రెండో లెవెల్‌కి కత్తి వీరుడికి సుమారు 2,000 పాయింట్లు చాలు, మాంత్రికుడికి 2,500 దాటాలి. ప్రాణబలం నాలుగు ముఖాల పాచిక మీద. మంత్రం చదువుతుండగా దెబ్బ తగిలితే ఆ మంత్రం వృథా. అంటే లెక్క ఏంటంటే, ముందు కష్టపడు, బతికి బట్టకడితే తర్వాత రాజ్యం నీదే.

2000లో మూడో ఎడిషన్ వచ్చింది. లెవెల్ పెరగడానికి అందరికీ ఒకే పాయింట్ల పట్టిక. దెబ్బ తగిలినా ఏకాగ్రత పాచిక గెలిస్తే మంత్రం నిలుస్తుంది. మంత్రాలు కాగితం చుట్టల్లో రాసి దాచుకోవచ్చు. ఒక్కో మార్పూ విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. అన్నీ కలిపితే కళ్ళెం ఊడిపోయింది. కత్తి వీరుడి బలం మెట్టు మెట్టుగా కూడిక లెక్కలో పెరుగుతుంది. మాంత్రికుడికి మంత్రాల సంఖ్యా పెరుగుతుంది, ఒక్కో మంత్రం బలమూ పెరుగుతుంది. అది హెచ్చవేత.

2008లో నాలుగో ఎడిషన్ గట్టి మందే వేసింది. అందరికీ ఒకే తరహా శక్తులు: కొన్ని ఎప్పుడైనా, కొన్ని పోరాటానికి ఒకసారి, కొన్ని రోజుకి ఒకసారి. బ్యాలెన్స్ బాగా కుదిరింది. కానీ ‘అందరూ ఒకేలా ఉన్నారు, మాంత్రికుడిలో మాయ ఏది?’ అని చాలామంది అలిగారు. పాత పద్ధతినే కొనసాగించిన పాత్‌ఫైండర్ 2009లో వస్తే అటు వెళ్ళిపోయినవాళ్ళు బోలెడు.

2014లో ఐదో ఎడిషన్ మధ్యేమార్గం పట్టింది. ఏకాగ్రత కావాల్సిన మంత్రం ఒకేసారి ఒక్కటే నడుస్తుంది, దెబ్బ తగిలితే అదీ జారిపోవచ్చు. తొమ్మిదో స్థాయి మంత్రం రోజుకి ఒక్కటే. ‘విష్’ మంత్రంతో ఇష్టమొచ్చిన కోరిక కోరితే, ఇంక జన్మలో అది వేయలేకపోయే అవకాశం 33 శాతం.

ఇక్కడ మనకి తెలిసిన కథ ఒకటి ఉంది. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచాడు. కృష్ణుడు ఘటోత్కచుడిని ముందుకి పంపాడు, అది అక్కడ ఖర్చయిపోయింది. మీరు ఆట నడిపేవాళ్ళయితే పట్టుకోవాల్సింది ఇదే. రోజుకి ఒక్క పోరాటమే పెడితే మాంత్రికుడు సంచి మొత్తం అక్కడే ఖాళీ చేస్తాడు. ఐదారు పోరాటాలుంటే ప్రతిసారీ ఆలోచిస్తాడు. ఈలోపు అలసిపోని కత్తి విలువ అందరికీ కనిపిస్తుంది.

కాబట్టి మాంత్రికుడి బలం తగ్గించక్కర్లేదు, దాని ఖరీదు పోకుండా చూడండి చాలు. మీ టేబుల్ దగ్గర ఫోన్ చూసుకునే ఫ్రెండ్ ఎవరో కామెంట్స్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం.